రేకు పులస విభాగ సమరం

ధూమశకట సహస్ర ఘోషలతో దశదిశలు మార్మోగే ఖరగ్‌పూర్ మహాపట్టణంలో, పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదో సంవత్సరాన, మాఘమాసపు ఒకానొక ఆదివారం, గోడ గడియారం పది కొట్టిన శుభవేళ, తెలుగు సంఘం హాలు అనే కళారణరంగంలోకి, పాతచీర చుట్టిన ఆయుధాన్ని చంకన ధరించి, ఒక వీరుడు ప్రవేశించాడు. శ్రీకాకుళ మండల సంజాతుడు, వర్క్‌షాపులో ఇరవై ఎనిమిదేళ్లుగా రైలు పెట్టెల పైకప్పు రేకులను సుత్తితో శాసించినవాడు, చిల్లు కంటబడితే సహించనివాడు, గణపతిరావు ఆ వీరుడు.

ఆ వస్త్రగర్భంలో ఉన్నది పులస. నదిలో ఈదేది కాదు. కిరసనాయిలు డబ్బా రేకును నాలుగు నెలలపాటు, డ్యూటీ దిగాక, వెనకనుంచి కొట్టి, ముందునుంచి దిద్ది, పొలుసు పొలుసుగా ఉబికించిన మూరెడు పులస. ఇన్నేళ్లలో ఆయన చేతిపని మీద పెట్టె నంబరు రాశారే గాని ఆయన పేరు ఎవరూ రాయలేదు. ఈ కళాప్రదర్శన పోటీలో అట్టముక్క మీద తన పేరుండాలి, పక్కన శిల్పి అనీ ఉండాలి. అది ఆయన భీషణ ప్రతిజ్ఞ.

ద్వారం దగ్గర రిజిస్టరుధారియై కూర్చున్న సంఘం కార్యదర్శి అచ్యుతరావు, గడి లేని వస్తువు భూమండలంలో లేదని నమ్మిన హెడ్ క్లర్కు, ఏ విభాగమని అడిగాడు. చిత్రలేఖనం, శిల్పం, హస్తకళ. గడులు మూడే. శిల్పమన్నాడు వీరుడు.

న్యాయనిర్ణేత రామనాథం, తెలుగు బడి డ్రాయింగు మాస్టారు, కళ్లజోడు సవరించుకుని శాస్త్రం విప్పాడు. చిత్రమంటే కంటితో చూసేది, దానికి రంగు ఉండాలి. శిల్పమంటే చుట్టూ తిరిగి చూడదగినది. ఇది గోడకు తగిలించే రేకు గనుక శిల్పం కాదు, రంగు లేదు గనుక చిత్రమూ కాదని సెలవిచ్చి, హస్తకళల బల్లవైపు వేలు చూపాడు.

అక్కడ వైరుబుట్టల, ఊలుటోపీల చతురంగబలాల నడుమ కొలువుతీరిన ఆ బల్ల అధికారిణి కుసుమకుమారి, ఇది ఇంట్లో ఎందుకు పనికొస్తుందని మర్యాదగానే అడిగింది. భార్య సింహాచలమ్మ దీన్ని రెండురోజులు అన్నం గిన్నె మీద మూతగా పెట్టిన మాట గణపతిరావు గొంతుదాకా వచ్చింది. అది చెబితే గడి దొరుకుతుంది. కానీ నాలుగు నెలల తపస్సు మూత అయిపోతుంది. ఆయన ఆ మాట మింగేశాడు.

అలా సర్వకళాబహిష్కృతుడై తిరిగొచ్చిన వీరుడి మీద జాలిపడి, అచ్యుతరావు స్కేలు పెట్టి నాలుగో గడి గీసి, అందులో ‘ఇతరములు’ అని రాశాడు. గణపతిరావు చెవులు ఎర్రబడ్డాయి. విరిగిన బోల్టులూ మసిగుడ్డలూ స్టోర్సులో ఆ పేరుమీదే పడుంటాయని ఆయనకు తెలుసు. ప్రళయకాల మేఘంలా కదిలి, మాస్టారి ఎదుట పులసను నిలబెట్టాడు.

“మేస్టారూ, సుట్టూ తిరగాలన్నారు గదా, తిరగండి. ఎనకాతల కూడా సేపే ఉంది, గుంటలో ఉంది. ఆ గుంట ఏసింది నా సుత్తే. కంటితో సూసేది సిత్రమన్నారు. అయితే కళ్లు మూసుకుని ఓపాలి సెయ్యెట్టండి. ఏటీ తెలకపోతే ఇతరములే ఉంచీమనండి, ఎలిపోతాను.”

రామనాథం ఆజన్మ శాకాహారి. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ, చేపల బజారు ముందు ముక్కు మూసుకోకుండా నడవని నిష్ఠాగరిష్ఠుడు. అయినా పండితుడు గనుక పరీక్షకు వెనుదీయలేదు. ఒక ప్రదక్షిణం చేశాడు. వెనకవైపు నీడలో మరో పులస ఎదురుదిక్కుగా ఈదుతోంది. కళ్లు మూసుకుని తలనుంచి తోకకు వేళ్లు పోనిచ్చాడు, నున్నగా జారాయి. తోకనుంచి తలకు మరల్చాడు. ప్రతి పొలుసూ వేలికి అడ్డుపడింది. సగంలో ఆయన చెయ్యి గభాలున వెనక్కి లాక్కున్నాడు, ఉత్తరీయంతో మూడుసార్లు తుడుచుకున్నాడు, ఆపైన వేళ్లు వాసన చూసుకున్నాడు.

హాలంతా తననే చూస్తోందని అప్పుడు తెలిసింది.

“అచ్యుతరావుగారూ, అది కొట్టేయండి,” అన్నాడు నెమ్మదిగా. “బొమ్మ చేపను చూసి నేనెప్పుడూ జడుసుకోలేదు. దీనికి నా చెయ్యి జడిసింది. శిల్పమని రాయండి.”

ఎర్రసిరా గీత ఒకటి ‘ఇతరములు’ గుండెను చీల్చుకుంటూ సాగింది. సంతకం లేని కొట్టివేత చెల్లదు గనుక పక్కన పొట్టి సంతకమూ పడింది.

సాయంత్రం ఫలితాలు ప్రకటించారు. శిల్పవిభాగంలో బహుమతులు మూడు, పోటీపడినవి నాలుగు. మట్టి వినాయకుడు, సబ్బు ఏనుగు, సుద్దముక్కల తాజమహలు బహుమతులు గెలిచాయి. రసికులారా, ఆలకించండి. నలుగురు శిల్పులలో నాలుగోవాడిగా నిలిచి అక్షయ కీర్తి గడించిన ఆ పురుషపుంగవుడు, తన పేరూ పక్కన శిల్పి అనీ ఉన్న అట్టముక్కను చొక్కా జేబులోంచి పైకి కనబడేలా పెట్టుకుని, పులసను క్యారియరుకు కట్టి, ఎదురుగా ఒక్కరూ లేని దారి పొడవునా సైకిలు బెల్లు మోగించుకుంటూ క్వార్టర్సుకు వేంచేశాడు.