మీరు ఎంత సిద్ధంగా ఉన్నారు?

మామగారు మిసో సూప్ తాగడం ముగించేలోపు ఆయనను నాలుగు ప్రశ్నలు అడిగేయాలని ఆ శనివారం పొద్దున మిజుయె అనుకుంది. ఆమె జపాన్‌లోని మత్సుయెలో నర్సింగ్ పాఠాలు చెబుతుంది. జబ్బుపడి నోట మాట రాని స్థితి వస్తే ఏ వైద్యం కావాలి, మన తరఫున ఎవరు చెప్పాలి అన్నది ముందే ఆలోచించుకున్నారా అని పెద్దవాళ్లను అడిగే ఇంగ్లీషు ప్రశ్నావళిని జపనీస్‌లోకి తెస్తోంది. ఆ మాటలు వినేవాళ్లకు ఎలా అర్థమవుతాయో చూడాలి. ఎనభై దాటిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు కదా అనుకుంది.

"మామయ్యగారూ, మీరు ఎంత సిద్ధంగా ఉన్నారు?" అని శీర్షిక చదివింది. అసలు ప్రశ్న మొదలుపెట్టేలోపు ఆ అనువాదం చూస్తున్న ప్రొఫెసర్ ఫోన్ చేశాడు. రెండో ప్రశ్నలో ఒక మాట మరీ కటువుగా ఉందట. ఆమె ఫోన్ పట్టుకుని పెరట్లోకి నడిచింది.

మామగారు తొకుజో గిన్నె కింద పెట్టాడు. బుధవారం ఆయన కడుపుకు స్కానింగ్ తీశారు. ఫలితం కోడలి ఫోన్‌కే పంపుతామన్నారు. ఆయన తన చెల్లెలు ఫుమీకి ఫోన్ చేశాడు.

"సిద్ధమేనా అని అడిగింది కోడలు."

"దేనికన్నయ్యా?"

"దేనికని చెప్పలేదు. నర్సు కదా, ఒక్కసారే చెప్పరు."

ఫుమీ అరగంటలో వచ్చింది, రోగులకిచ్చే ఖరీదైన ఖర్బూజా పెట్టెతో. దారిలో మంగలి అందోకు కూడా చెప్పి ఏడ్చింది. అతను కత్తెర పట్టుకుని వెంటే వచ్చాడు. "ఫొటో బాగా రావాలి కదా పెద్దాయనా," అంటూ మెడ చుట్టూ గుడ్డ కట్టాడు. ఏ ఫొటో అని ఎవరూ అడగలేదు. ఇంతలో ఫుమీ కబురు విని, రైల్వే స్టేషన్‌లో పనిచేసే కొడుకు, మిజుయె భర్త యసుహిరో టోపీ కూడా తీయకుండా పరుగెత్తుకొచ్చాడు. తండ్రి ఎదురుగా కూలబడి, "నాన్నా, ఇంకాస్త సూప్ పోయనా?" అన్నాడు.

ముప్పావు గంట తర్వాత మిజుయె ఫోన్ పెట్టేసి లోపలికొచ్చేసరికి ఇంటినిండా ఎర్రబడ్డ కళ్లే. ఆస్పత్రివాళ్లు తన ఫోన్ కలవక ఇంటికే చేసి ఉంటారనుకుంది.

"రిపోర్టు వచ్చిందా?" అంది మెల్లగా.

"చూశారా, అది వస్తుందని దీనికి ముందే తెలుసు," అంది ఫుమీ.

మిజుయె మామగారి పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. "ఏం వచ్చినా నేనున్నాను మామయ్యగారూ."

"అయితే విను అమ్మాయ్," అన్నాడాయన, ఒళ్లో రాలిన వెంట్రుకలు దులుపుకుంటూ. "నాకు గొట్టాలు పెట్టొద్దు. సరస్సు కనబడే ఆ గదిలోనే పడుకోబెట్టు. నేను మాట్లాడలేకపోతే నువ్వు చెప్పు. వీణ్ణి అడగొద్దు. హోటల్లో ఏ నూడుల్స్ కావాలో తేల్చుకోవడానికే వీడికి అరగంట పడుతుంది."

"నిజమే," అన్నాడు యసుహిరో కళ్లు తుడుచుకుంటూ. ఆ మాటలో రోషం లేదు, ఏదో బరువు దిగినట్టుంది.

"నేనే ఎందుకు?" అంది మిజుయె.

"మీ అత్తగారు పోయేముందు ఆమెకేం కావాలో నువ్వొక్కదానివే అడిగావు. మేమంతా వాతావరణం గురించి మాట్లాడాం."

తర్వాత ఆయనే అడిగాడు, "ఇంతకీ ఎన్ని నెలలన్నారు?"

"ఎవరు?"

"నీకు చెప్పినవాళ్లు."

"నాకా? మీకు కదా చెప్పింది."

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మిజుయె ఆస్పత్రికి ఫోన్ చేసింది. కడుపులో ఏ జబ్బూ లేదు, ఉప్పు తగ్గించమనండి అన్నారు అవతలివాళ్లు. తొకుజో సగం క్షవరంతో లేచి వెళ్లి కిటికీ దగ్గర సరస్సును చూస్తూ నిలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఎవరూ దగ్గరికెళ్లి చూడలేదు. ఫుమీ మాత్రం ఖర్బూజా కోయడం మొదలుపెట్టింది.

సాయంత్రం మిజుయె ప్రొఫెసర్‌కు పంపిన నివేదికలో ఇలా రాసింది: ప్రశ్న అర్థం కాలేదు, సమాధానం మాత్రం పూర్తిగా వచ్చింది.