నోరు తెరిపించే డాక్టరు

పళ్ళ డాక్టరుగారు ఆ ఉదయం క్యారెట్టు ఉడికించి, మెత్తగా మెదిపి, కూతుర్ని చంకనేసుకుని కింది అంతస్తులోని తన క్లినిక్కుకి దిగారు. ఏడో నెల వచ్చినా పిల్ల పాలు తప్ప మరొకటి ముట్టడం లేదు. లైబ్రరీలో పనిచేసే భార్య సెలవు ముగిసి ఆ రోజే ఉద్యోగానికి వెళ్ళింది, అదీ ఒక షరతు మీద.

"నేను భోజనానికి వచ్చేసరికి ఇది నాలుగు చెంచాలైనా తినాలి. లేకపోతే ఉద్యోగానికి నమస్కారం పెట్టేస్తాను."

"ఎన్ని నోళ్ళు తెరిపించినవాణ్ణి, దీని నోరెంత?" అన్నారు డాక్టరుగారు. అన్నారే గానీ లోపల అంత ధీమా లేదు. ఆ పుస్తకాలు లేకపోతే ఆవిడ ఎంత బెంగపడుతుందో ఆయనకు తెలుసు.

"ఆ అను తల్లీ." స్టీలు చెంచా తగలగానే పిల్ల పెదాలు బిగించి తల తిప్పేసింది. పక్కన వాలుకుర్చీలో పుచ్చుపన్నుతో వచ్చిన మేష్టారు మాత్రం బుద్ధిగా నోరు తెరిచారు. తెరిచిన నోరు కనిపిస్తే డాక్టరుగారి చెయ్యి ఆగదు. చెంచా అందులోకి వెళ్ళిపోయింది.

"మందు బాగుంది," అన్నారు మేష్టారు మింగేసి. "కాస్త ఉప్పు తగ్గింది."

ఓరగా తెరిచిన తలుపులోంచి, బయట బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళు ఇదంతా చూశారు.

"ఆయనొక్కరికేనాండీ? ఆయనకన్నా ముందొచ్చింది మేం."

నలుగురూ తింటుంటే చూసైనా పిల్ల తింటుందేమోనని డాక్టరుగారికి ఆశ పుట్టింది. మనిషికో కొత్త చెంచా తీశారు. ఒక్కొక్కరూ "ఇటు చూడు పాపా" అంటూ బారెడు నోరు తెరిచి తిన్నారు. పిల్ల సర్కస్ చూసినట్టు చూసింది గానీ నోరు విప్పలేదు. గిన్నె ఖాళీ అయింది.

అప్పుడే భార్య భోజనానికి వచ్చింది. గిన్నె చూడగానే ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"అంతా తినేసిందా?"

డాక్టరుగారు చెంచాలన్నీ వెనక్కి దాచారు.

"అందరం తిన్నామమ్మా," అన్నారు మేష్టారు. "నొప్పి కూడా తగ్గింది."

ఆవిడ చేతులు కడుక్కుని, గిన్నె అంచున మిగిలింది వేలితో తీసి పిల్ల నోటి దగ్గర పెట్టింది. పిల్ల ఆ వేలు చప్పరించి, ఇంకా కావాలన్నట్టు పట్టుకుని కొరికింది.

"అబ్బా." ఆవిడ పిల్ల కింది పెదవి మెల్లగా దించింది. ఎర్రగా వాచిన చిగుళ్ళలో బియ్యపుగింజ మొనంత తెల్లగా ఏదో కనిపించింది. "ఏవండీ, ఇదేమిటో కాస్త చూసి చెప్తారా?"

డాక్టరుగారు వంగి చూశారు. బెంచీ అంతా లేచి వచ్చి చూసింది.

"ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ చూస్తారు," అంది ఆవిడ, నవ్వాపుకుంటూ. "రేపు నేను ఉద్యోగానికి వెళ్తాను. మీరు చెంచా మానేసి వేలితో పెట్టండి. వేలు జాగ్రత్త."

మర్నాడు క్లినిక్కు తలుపు మీద కొత్త కాగితం వెలిసింది: "ఇచ్చట పళ్ళు మాత్రమే చూడబడును. క్యారెట్టు పెట్టబడదు."