ఎర్రంచు చీర ప్రయోగం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు సంగతి. ప్రొద్దుటూరులో సైన్సు మాస్టరు గురునాథం ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పెరట్లో ఎనుమును, అదే గేదెను, పితకాలి, కాఫీ తాగాలి, బడికి పోవాలి. భార్య వేదవతి తన అన్న కొడుకు నామకరణానికని ముందురోజు సాయంత్రమే జమ్మలమడుగు వెళ్ళింది, అదీ సగం మనసుతో. దూడ చచ్చిపోయినప్పటి నుంచి ఆ ఎనుము ఆమె చేతికి తప్ప ఎవరికీ పాలు దిగనివ్వదు. తాను లేని నాలుగు రోజుల్లో ఎండిపోతుందేమోనని ఆమె దిగులు.

"అది నిన్ను చూసి ఇయ్యడంల్యా. నీ గాజులో, గొంతో, చీరో, ఏదో ఒకటి దానికి అలవాటైంది. అదేందో నేను కనుక్కుంటా, పో," అన్నాడు గురునాథం ధీమాగా.

"కనుక్కో. మా పుట్టింటోళ్ళిచ్చిన ఎనుము ఎండిపోయిందంటే మాత్రం మల్లా నీ మొగం చూడను," అని వేదవతి బస్సెక్కింది.

ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడాలన్నది ఆయన బడిలో పిల్లలకు నూరిపోసే నియమం. మొదటి పూట చేతులకు సబ్బు రాసుకుని మరీ భార్య గాజులు తొడుక్కున్నాడు. ఎనుము తన్నింది. "గాజులు కాదు" అని నోటుబుక్కులో రాసుకున్నాడు. సాయంత్రం గాజులు తీసేసి, ఆమె గొంతు పెట్టి దాన్ని తిట్టాడు. వేదవతి పితికేటప్పుడు తిట్టడం మానదు మరి. ఈసారి చెంబు గోడదాకా ఎగిరింది. మర్నాడు ఉదయం ఆమె రోజూ కట్టే ఎర్రంచు చీర చుట్టుకుని, కొంగు నెత్తిమీదికి లాక్కున్నాడు. ఎనుము కొంగు వాసన చూసి, బుద్ధిగా రెండు శేర్ల పాలిచ్చింది. గురునాథానికి కళ్ళు చెమర్చాయి.

గోడ అవతలి జానీబీ కూడా ఆ మూడు పూటలూ శ్రద్ధగానే పరిశీలించింది. మొదట గాజుల చప్పుడు, తర్వాత ఆడగొంతు, చివరికి ఎర్రంచు చీర కట్టిన వీపు. మూడూ కలిపి ఒక నిర్ణయానికి వచ్చి, జమ్మలమడుగు బస్సు కండక్టరయిన భర్త గౌస్ మొహిద్దీన్‌కు చద్దిమూటతో పాటు దాన్నీ కట్టిచ్చింది. ఆయన నేరుగా నామకరణం ఇంటికే వెళ్ళాడు.

"అక్కా, మీ ఇంట్లో ఎవురో ఆడామె ఉండాదంట. నీ చీర కట్టుకోని నీ ఎనుమునే పిండుతాందంట," అన్నాడు.

ఇంకొకతె ఇంట్లో దూరినందుకన్నా, దానికి ఎనుము పాలిచ్చినందుకే వేదవతికి ఎక్కువ కడుపు మండింది. బిడ్డకు పేరు పెట్టడం అయ్యీ కాకముందే, కట్టిన పట్టుచీర మార్చుకోకుండా బస్సెక్కింది.

ఒక్కసారి తేలితే చాలదు, మళ్ళీ చేసి చూడాలి కదా. అందుకని సాయంత్రం కూడా గురునాథం చీరలోనే ఉన్నాడు. వేదవతి వెనకనుంచి వచ్చి కొంగు పట్టి లాగింది. కింద మీసాలు కనిపించాయి. గోడమీది జానీబీ తల చప్పున దిగిపోయింది.

వేదవతికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. నవ్వాపుకోలేక, మొగుణ్ణి లేవమని తానే చెంబు పట్టుకుని కూర్చుంది. ఎనుము ఆ పట్టుచీరను తేరిపార చూసి ఒక్క తన్ను తన్నింది. అయిదేళ్ళు కుడితి పెట్టి పెంచిన మనిషిని. వేదవతి నేలమీదే కూర్చుండిపోయింది. ఆమె మనసు నిజంగానే నొచ్చుకుంది.

"చూసినావా, నిన్ను కాదు, చీరనే," అన్నాడు గురునాథం. పెళ్ళయ్యాక భార్య దగ్గర ఆయన గెలవడం అదే మొదటిసారి.

వేదవతి నిదానంగా లేచి దుమ్ము దులుపుకుంది.

"అయితే ఆ చీర నువ్వే ఉంచుకో," అంది.

ప్రయోగం పూర్తిగా ఫలించింది. ఆ ఎనుము వట్టిపోయేదాకా గురునాథానికి పితికే పనినుంచి ఒక్క పూట కూడా సెలవు దొరకలేదు.