ఇబ్రి క్యాంపులో ఒకే ఒక్క పన్ను చెల్లింపుదారు

జూదం ఆడని మనిషి దేశానికి బరువు. ఈ మాట పదేళ్ల గల్ఫ్ అనుభవంతో చెబుతున్నాను, నమ్మండి.

ఒమాన్‌లో జీతం మీద పన్ను లేదు. ఎండలో ఎంత మాడి సంపాదించినా అందులో వాటా అడిగే సర్కారు ఇక్కడా లేదు, గల్ఫ్ సొమ్ము కాబట్టి మన దేశంలోనూ లేదు. అదేదో సుఖమని మీరనుకుంటారు. కాస్త ఆలోచించండి. పన్ను కట్టనివాడికి రోడ్డు మీద గుంతను తిట్టే హక్కు ఉంటుందా? మంత్రిని ప్రశ్నించే మొహం ఉంటుందా? ఇబ్రి ఊరి బయట మా క్యాంపులో రెండు వందల మందిమి అలా ఏ యోగ్యతా లేకుండా బతుకుతుండేవాళ్లం. చివరికి మా పరువు నిలబెట్టింది లాటరీ!

పోచన్న మా కంపెనీలో మేస్త్రీ. మెట్‌పల్లి దగ్గర పల్లె. 1992 ఎండాకాలంలో అతనికి మన దేశపు లాటరీలో లక్ష రూపాయలు తగిలాయి. కాసినో కాదు, అది పెద్దవాళ్ల భాగ్యం. మా సైట్ ఇంజినీరు సెలవుకు యూరప్ పోయి, కాసినోలో అంతకు పదింతలు గెలుచుకొచ్చాడు. దాని మీద ఎక్కడా పైసా కట్టలేదట. పాపం, దేశసేవ చేసే అవకాశం చేజారింది. పోచన్నకు ఆ లోటు రాలేదు. లాటరీ వాళ్లు పన్ను కింద నూటికి నలభై ముందే కోసుకుని మిగతాది ఊళ్లో ఇంటికి పంపారు. కోసినందుకు సర్టిఫికెట్ కూడా ఇచ్చారు.

నేను టైమ్‌కీపర్ని. ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా నా దగ్గరికే తెస్తారు.

"శ్రీ పోచన్న అంటే నేనేనా సార్?"

"నువ్వే. నిరుడు కంపెనీ నాలుగు నెలల జీతం ఆపితే మన సర్కారు ఆఫీసులకు మూడు ఉత్తరాలు రాశాం. ఒక్క జవాబు వచ్చిందా? ఇది చూడు. మీ నాయన పేరు, ఇంటి నంబరు, ఒక్క తప్పు లేదు. లాటరీ తగిలాకే నువ్వు సర్కారు కంటికి ఆనావు."

పోచన్న వేళ్ల మీద లెక్కపెట్టాడు. "తొమ్మిదేండ్ల సంది తగలని టికెట్లు మస్తున్నయి గద సార్. ఆ పైసలు తీసేసి పన్ను కట్టిచ్చుకోరా?"

"తీసెయ్యరు. గెలుపులో సర్కారుకు వాటా. ఓటమి పూర్తిగా నీ సొంతం."

అతను ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మంచం పైన గోడకు తగిలించాడు. శుక్రవారాలు పక్క రూమ్‌ల వాళ్లు చూడటానికి వచ్చేవారు. కడప నుంచి వచ్చిన డ్రైవర్ నిసార్ అహ్మద్ మాత్రం పెదవి విరిచాడు. "హరామ్ సొమ్ములో నూటికి నలభై తీసుకున్నారు, సరే. పాపంలో కూడా నలభై తీసుకుంటారా సార్?" పాపం సంగతి చట్టంలో ఎక్కడా ఉన్నట్టు లేదు.

నెల తర్వాత ఊరి నుంచి పోచన్న భార్య గౌరవ్వ మాట్లాడి పంపిన క్యాసెట్ వచ్చింది. నిసార్ టేప్ రికార్డర్లో పెట్టాడు. రూమ్ అంతా చుట్టూ కూర్చుంది.

"కాయితం గోడకు పెట్టినవట. మంచిగనే ఉన్నది. టికెట్లు కొనుమని నెలనెలా ఉత్తరం రాస్తివి, పైసలు పంపితివా? నువ్వు పంపినయన్నీ వీసా ఏజెంటు అప్పుకే పాయె. బస్టాండుకు పోయి కొన్నది నేను. బీడీలు చేసిన పైసలతోని కొన్న. టికెట్టు ఎనుక నీ పేరు రాపిచ్చిన. సర్కారు కోసుకున్నది నా పైసలు. మరి కాయితం మీద నా పేరెందుకు లేకపాయె?"

నిసార్ టేప్ ఆపబోయాడు. "నడువనీ," అన్నాడు పోచన్న.

"వేళ్లు వంగుతలెవ్వు. అయినా చేస్తున్న. జర సర్కారుకు చెప్పు, నా పేరు రాయమని."

మర్నాడు డ్యూటీకి ముందే పోచన్న నా దగ్గరికొచ్చాడు. "పేరు మార్చమని రాయండి సార్." అలాంటివి మార్చరని తెలిసినా రాశాను. మూడు నెలలకు పన్ను ఆఫీసు నుంచి ఒక ఫారం వచ్చింది. అందులో ఒక గడి: సదరు మహిళకు సొంత ఆదాయం ఏమైనా కలదా?

ఇంతసేపూ పన్ను మహిమ మీకు చెప్పిన నేను గొంతు తగ్గించాను. "నిల్ అని రాద్దాం పోచన్నా. లేకుంటే ఆమె మీద కూడా వాళ్ల కన్ను పడుతుంది."

"నిల్ అంటే ఏంది సార్?"

"ఏమీ లేదని."

పోచన్న నా చేతిలోని పెన్ను తీసుకున్నాడు. చదివింది నాలుగో తరగతి. ఆ ఇంగ్లీషు ఫారం మీద తెలుగులో, గడి సరిపోక మార్జిన్ దాకా పోయేంత పెద్ద అక్షరాలతో రాశాడు.

'బీడీలు. దినాం వెయ్యి.'