సొంతూరు లేని సాలగ్రామం

ఈ భూమ్మీద ఊరు లేని మనిషిని ప్రభుత్వం సహిస్తుంది గానీ ఊరు లేని రాయిని సహించదు. మనిషైతే ఎన్నికల ముందు ఏదో ఒక ఊళ్లో తేలతాడు. రాయికి ఓటు లేదు కాబట్టి ఆ వెసులుబాటూ లేదు. ఈ లోటు తీర్చడానికే విజయవాడ భవానీపురంలో, ఒక అద్దె మేడ పై అంతస్తులో, శిలాజ స్వస్థల నిర్ధారణ కార్యాలయం వెలిసింది. (కింది అంతస్తులో ఉండే టిఫిన్ సెంటరు ఈమధ్యే మూతపడింది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి.)

రాజ్యశ్రీకి ఆ కార్యాలయంతో పని పడటానికి కారణం ఆమె భర్త దుర్గాశంకర్. చీరల కొట్లో బేరాల్లేని ఒక మధ్యాహ్నం అతను ఫోనులో వీడియో చూశాడు. సాలగ్రామమంటే కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో బతికిన ఓ నత్తలాంటి ప్రాణి రాయిగా మారినదట. అలాంటి రాళ్లు ఇళ్లలో ఉన్నవాళ్లంతా 'శిలామిత్ర' యాప్‌లో నమోదు చేయించుకోవాలట. అతనికి భయం వేసింది. భర్తకు భయం వేస్తే భార్య క్యూలో నిలబడాలన్న నియమం ఏ జీవోలోనూ లేదు. అందుకే దాన్ని ఎవరూ సవరించలేకపోతున్నారు.

రాయి అత్తగారు సంపూర్ణమ్మది. మంగళగిరిలో ఆవిడ తాత చౌడయ్య మగ్గం నేస్తూండగా ఒక బైరాగి వచ్చి, పంచె ఒకటి పుచ్చుకుని, ఈ రాయిని చేతిలో పెట్టాడు. గుప్పిట్లో పట్టే నల్లరాయి, మధ్యలో చక్రంలా ఒక చుట్ట. ఏ ఊరు స్వామీ అని అడిగితే నవ్వి వెళ్లిపోయాడు. ఆ స్వామికి నైవేద్యం పెట్టి, ఆ ప్రసాదం నోట్లో వేసుకున్నాకే సంపూర్ణమ్మ అన్నం ముట్టేది. ఆవిడకు షుగరు వచ్చాక డాక్టరు పదకొండింటికల్లా భోంచేయాలన్నాడు. స్వామి కూడా సర్దుకుని పదిన్నరకే కానిస్తున్నాడు.

యాప్‌లో రాజ్యశ్రీ 'ప్రాప్తిస్థలం (దొరికిన చోటు)' అన్న గడి దగ్గర ఆగిపోయింది. మండలాల పేర్లన్నీ ఉన్నాయి. (నవ్వు అనే మండలం లేదు.) చిట్టచివర 'తెలియదు' అని కనబడితే ప్రాణం లేచొచ్చి నొక్కింది. 'తెలిసిన తరువాత ప్రయత్నించండి' అంది యాప్. దాంతో రాయిని చీర ముక్కలో చుట్టుకుని కార్యాలయానికే వెళ్లింది.

సహాయ నిర్ధారణాధికారి రామకోటేశ్వరరావు గారు రాయిని కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూశారు.

"ఏ ఊరిదమ్మా ఇది?"

"అది తెలుసుకుందామనేనండీ తెచ్చింది."

"ఊరు తెలిస్తేనే ఏ జీవో చెప్పగలం. ఏ జీవో తెలిస్తేనే ఊరు తేలుతుంది. రెంటిలో ఏదో ఒకటి మీరు తెచ్చుకోవాలి." (ఇక్కడ జీవో అంటే జీవి అనే అర్థం. రెండో అర్థం వేరే సెక్షను చూస్తుంది.)

"సాలగ్రామాలు గండకీ నదిలో దొరుకుతాయంటారు కదండీ. అదే రాసుకోండి."

"గండకి నేపాల్లో ఉందమ్మా. అప్పుడిది విదేశీయం. పాస్‌పోర్టు ఉందా?"

"స్వామికా అండీ?"

"రాయికి. స్వామి సంగతి దేవాదాయ శాఖ చూసుకుంటుంది."

చివరికి ఆయనే దయతలచి, రాయిని పరిశీలన నిమిత్తం బీరువాలో పెట్టించారు. రాజ్యశ్రీ ఒట్టి చేతులతో ఇంటికి వచ్చింది.

"సామిని ఇడిచిపెట్టొచ్చావా? మరి రేపు పదిన్నరకి ఏం తింటాడే?" అంది సంపూర్ణమ్మ.

మర్నాటి నుంచి క్యారియర్ వెళ్లడం మొదలైంది. పులిహోర, దద్దోజనం, చిన్న గిన్నెలో పానకం. బీరువా ముందు క్యారియర్ పెడితే రామకోటేశ్వరరావు గారు భక్తిగా కాలింగ్ బెల్ మోగించారు. కంప్యూటర్ ఆపరేటర్ ఫిన్నీ చర్చికి వెళ్లేవాడే అయినా, విధి నిర్వహణకు మతం అడ్డు రాకూడదని దద్దోజనం తీసుకున్నాడు. క్యారియర్‌ను కడిగి మరీ తిరిగిచ్చారు.

సంపూర్ణమ్మ మూత తీసి చూసింది.

"మా మంగళగిరి సామైనా సగం పానకం తాగి సగం ఇడుస్తాడు. ఈ ఆఫీసు సామేందే, గిన్నె అడుగు కూడా నాకేశాడు?"

ప్రసాదం లేనిదే ఆవిడ మెతుకు ముట్టదు. రాజ్యశ్రీ మళ్లీ మెట్లెక్కింది.

"కాస్త మిగల్చండి సార్. మా అత్తగారు షుగరు మనిషండీ."

"ఎంత మిగల్చాలో నిబంధనల్లో లేదమ్మా. పైకి రాశాం."

పైనుంచి జవాబు వచ్చేదాకా, ఒక చెంచాడు ప్రసాదాన్ని భోజన విరామం ముగిశాక ఇచ్చే పద్ధతి పెట్టారు. విరామం మూడింటికి ముగుస్తుంది. రాజ్యశ్రీ పులిహోర రెట్టింపు చేసింది. ఇబ్రహీంపట్నానికి డిప్యుటేషన్ మీద వెళ్లిన ఉద్యోగులు మాతృ కార్యాలయం మీద మమకారం పుట్టి వెనక్కి వచ్చేశారు. చెంచా మాత్రం పెరగలేదు. ఒకరోజు సంపూర్ణమ్మ కళ్లు తిరిగి దేవుడి గది గడప మీద కూలబడిపోయింది.

ఆ సాయంత్రం రాజ్యశ్రీ, రాయి ఇవ్వందే కదలనని కార్యాలయంలో కూర్చుంది.

"శుభవార్తమ్మా, నిర్ధారణ అయిపోయింది," అన్నారు రామకోటేశ్వరరావు గారు. "రాయి ఎక్కడిదో తెలియనప్పుడు దానికంటుకున్న మట్టిని అడగాలి. అదీ శాస్త్రం. గీకి చూశాం. అడుగున గంధం పొర, దాని మీద పసుపు పొర, ఆపైన పానకం. అన్నిటికీ పైన చింతపండు గుజ్జు, నువ్వుల నూనె. ఆ పొర మా బల్ల మీద తప్ప ఈ జిల్లాలో ఎక్కడా దొరకలేదు. అంచేత రాయి ప్రాప్తిస్థలం ఈ కార్యాలయం."

"అయితే ఇచ్చేయండి సార్, తీసుకెళ్తాను."

"పుట్టినచోటు నుంచి శిలాజాన్ని కదిలించడం నేరమమ్మా. రేపు కాస్త జీడిపప్పు వేయించండి, ఆ పొర ఇంకా దొరకలేదు."

రాజ్యశ్రీ ఇంటికొచ్చి, మంచం పక్కన కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పింది. అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది.

"అంటే సామి సొంతూరు చేరాడన్నమాట."

"అంటున్నారండీ."

"మరి సొంతూరోళ్లుండగా మనమెట్టా పెడతామే నైవేద్యం? వాళ్లే వండి పెట్టుకోవాల. తిన్నాడనే అనుకుందాం, తినకపోతే ఆ పాపం వాళ్లది. రేపు నాకు పదకొండింటికి అన్నం పెట్టు."

మర్నాడు క్యారియర్ వెళ్లలేదు. ఆ మర్నాడు ఫిన్నీ ఫోను చేశాడు.

"మేడమ్, నమూనా నీరసంగా ఉందండి."

"మీ ఊళ్లో వంటవాళ్లు లేరా బాబూ?" అంది రాజ్యశ్రీ.

మూడో రోజు ఫిన్నీయే రాయిని తెచ్చి గుమ్మంలో అప్పగించాడు. పునఃపరిశీలనలో అది శిలాజం కాదని, మామూలు రాయని, మామూలు రాయికి సొంతూరు అక్కర్లేదని తేలిందట. సంపూర్ణమ్మ స్వామిని కుంకుడు రసంతో రుద్ది కడిగింది. (చింతపండు పొర వదలడానికి చాలాసేపు పట్టింది.)

"అమ్మా, ఇది మామూలు రాయంట," అన్నాడు దుర్గాశంకర్, మళ్లీ భయపడుతూ.

"పస్తున్నోళ్ల మాట పట్టుకోకురా," అని ఆవిడ పదిన్నరకు నైవేద్యం పెట్టి, పదకొండింటికి భోంచేసింది.

వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. మామూలు రాయిని శిలాజమని నమ్మించి, దాని పేరిట ప్రభుత్వ కార్యాలయంలో భోజనాలు జరిపించినందుకు సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట కూడా ఉంది: పులిహోరగా చెప్పబడుతున్న పదార్థం ప్రాప్తిస్థలం తేలవలసి ఉన్నందున, సిబ్బంది అందరికీ సరిపడా నమూనాను రోజూ పదకొండు గంటలలోగా సమర్పించగలరు.