ఊ బా లిన్ పేరున్న రాయి

మౌల్మీన్‌లో ఊ బా లిన్‌కు తెలియని విషయం లేదు. ఆయనకు తెలిసినంతవరకు లేదు. హెడ్ గుమాస్తాగా రిటైరయ్యాక ఇంట్లో ఒక కంప్యూటర్ పెట్టుకుని, దానికి గుడ్డ కప్పి, వీధివాళ్లందరికీ సలహాలు పంచుతూ ఉండేవాడు. ఆ ఉదయం ఆయన పెట్టుకున్న పని చిన్నదే. మఠంలో నీళ్ల తొట్టి కట్టించింది ఆయన. భిక్షువులకు కాషాయ చీవరాలిచ్చే పండుగ నాటికి దాని మీద ఆయన పేరు రాతిలో వెలగాలి. పేరు లేని పుణ్యం మీద ఆయనకు మొదటినుంచీ నమ్మకం తక్కువ.

చెక్కవలసిన వాక్యాలను మఠం కమిటీ కొత్త ఫాంటులో పంపింది. ఊ బా లిన్ కంప్యూటర్‌కు పాత ఫాంటే తెలుసు. మా బర్మాలో ఒక ఫాంటులో రాసింది ఇంకొకదానిలో కుక్కలు చింపిన విస్తరిలా కనిపిస్తుంది. ఆయన వదినగారి కూతురు నీలార్ బడిలో టీచరు. సాయంత్రం తానొచ్చి సరిచేస్తానని, అంతవరకు దేన్నీ ముట్టుకోవద్దని ఫోన్‌లో చెప్పింది. ముట్టుకోవద్దన్నాక ముట్టుకోకపోతే ఆయన హెడ్ గుమాస్తా ఎలా అవుతాడు?

సెట్టింగుల్లోకి వెళ్లి భాష మార్చాడు. కంప్యూటర్ మొత్తం కొరియా భాషలోకి దిగిపోయింది. వెనక్కి రావడానికి దారి కూడా ఆ భాషలోనే ఉంది. తోచిందల్లా నొక్కాడు. అక్షరాలన్నీ పోయి గళ్లు, సున్నాలు మిగిలాయి. తేడా తెరలోనే ఉందని, కాగితం మీద సరిగ్గానే వస్తుందని తీర్మానించి తన పేరు, బిరుదులు కూడా చేర్చి ప్రింటు తీశాడు. ప్రింటు సరిచూడడం గుమాస్తాల పని కదా! చూడకుండానే కవరు అంటించి పంపాడు. సాయంత్రం నీలార్ వచ్చి కంప్యూటర్‌ను మళ్లీ మా భాషలోకి తెచ్చింది కానీ, కవరు సంగతి ఆయన ఆమెకు చెప్పలేదు.

కో పే అనే రాళ్లు చెక్కేవాడికి, కీడు తగలకుండా గళ్లలో అక్షరాలు, సున్నాలు వేసే రక్షాయంత్రాలు చెక్కడం తాతలనాటి విద్య. కాగితం చూడగానే చేతులు కడుక్కుని ఫోన్ చేశాడు.

"అయ్యా, ఇది చెక్కేముందు నియమాలు పాటించాలా?"

తన పేరుకు ఇంత మర్యాదా అని ఊ బా లిన్ ఉబ్బిపోయాడు. "పాటించాలి మరి. మాంసం కూడా మానెయ్. ఒక్క గీత మార్చావో, చూడు."

పండుగనాడు తెర తీశారు. నల్లరాతి మీద గళ్లు, సున్నాలు, వాటికి బంగారు పూత. ఏ సిద్ధుడు ఇచ్చిన రక్షాయంత్రమో అని జనం మోకాళ్ల మీద కూర్చుని మొక్కారు. ఊ బా లిన్ ముఖం పాలిపోయింది. అది తన పేరని చెప్పబోయాడు.

"చెప్పండి బాబాయ్," అంది నీలార్ మెల్లగా. "అదెలా అలా అయిందో కూడా చెప్పండి."

ఆయన కూడా జనంతో పాటు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆనాటి నుంచి ఆయన భార్య డా మ్యా సీన్ రోజూ పొద్దున్నే వెళ్లి ఆ రాతి ముందు మల్లెపూలు పెట్టి దండం పెట్టుకుంటోంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ మొగుడి పేరుకు మొక్కడం అదే మొదలు.