బంతి నెక్కిన బెసీ

మూడు వారములుగా మకాము వేసిన మేఘమాలికలు మూతపడిన ఉన్ని మిల్లుల పొగగొట్టములపై తీరికగా చినుకులు రాల్చుచుండ, ఆగస్టు మాసపు శనివారమున, మధ్యాహ్నపు తేనీరు రెండవమారు పోసుకొను శుభముహూర్తమున, హడర్స్‌ఫీల్డ్ పురవరమున, డెబ్బదియొక్క ఏండ్ల ప్రాయమువాడును, పచ్చికపై బంతులు దొర్లించు క్రీడలో ధురంధరుడును, నత్తలన్న గిట్టనివాడును అగు హెడ్లీ ఓల్డ్‌రాయిడ్ మహావీరుడు తన ఆటసంచిలో చేయిపెట్టి కొయ్యబారి నిలిచెను. ఆ సంగ్రామగాథ చెప్పెద, వినుడు. నేను క్రీడాస్థలి ఎదురింటివాడను. సగము కన్నులార చూచితిని, తక్కిన సగము వద్దన్నను వీధివారు చెప్పిరి.

ఆ సంచిలో నల్లని బంతులు రెండు కలవు. ముప్పది ఏండ్లుగా వీరుని కరతలమునకు అలవడిన జంట అది. అందొకదానిపై పిడికిలంత గుల్లతో, వీరాసనమున, బెసీ అను ఆఫ్రికా మహాశంబూకము కూర్చుండెను.

బెసీ వీరపత్ని మార్జరీ పెంపుడు నత్త. క్రిందటి శరత్తున మార్జరీ తన మునుపటి నత్త గాజుతొట్టిలోని మట్టిని చెంచాతో త్రవ్వగా రెండువందల పండ్రెండు గుడ్లు బయల్పడెను. గుడ్లను ఆనాడే ఫ్రీజరుపాలు చేయవలెననునది నత్తలు పెంచువారి కులధర్మము, లేకున్న ఇల్లు వానిదే, అద్దెకుండువారము మనము. మార్జరీ రెండువందల పదునొకండు గుడ్లను హిమసమాధి చేసి, ఆ మిగిలినదానికి చేయిరాక ఊరకుండెను; అందుండి పుట్టినదే బెసీ. "బఠాణీలు పెట్టుకోడానికి చోటు లేదుగానీ, నత్తగుడ్లకి మాత్రం ఉంది" అని హెడ్లీ వారము దినములు గొణిగెను.

గురువారమున మార్జరీ మోకాలి శస్త్రచికిత్సకై ఆసుపత్రికి పోవుచు, గుమ్మమున నిలిచి భర్తచేత ఒట్టు వేయించుకొనెను.

"చూడు హెడ్లీ, దాన్ని మాత్రం లాగకు. అతుక్కున్నదాన్ని లాగితే లోపల చిరిగిపోతుంది, ఇక బతకదు. కాస్త తడిచేసి, దానంతటది వచ్చేదాకా ఆగు."

"లాగను."

"ఒట్టు?"

"ఒట్టన్నాను కదా. పోయి ఆ మోకాలు బాగుచేయించుకో."

ఆ ఒట్టే ఇప్పుడు అడ్డము నిలిచెను. నాటి రెండు గంటలకు సెమీఫైనలు. పదునొకండు సంవత్సరముల పిమ్మట లభించిన అవకాశమది. సమయము దాటి పావుగంట ఆలసించిన ఆట పోయినట్లే. వీరుడు భ్రుకుటి ముడిచి, "ఓసి మందగామినీ, కవచధారిణీ, మదీయ కందుకసింహాసనాధిరోహణ దుస్సాహసినీ, దిగుదువా, లేక నా క్రోధానలమున శలభమగుదువా?" అని మనమున గర్జించెను. నోటితో అన్నది మాత్రము ఇంతియే:

"దిగవే తల్లీ, బస్సొచ్చేస్తుంది."

బెసీ ఒక కన్నుకొమ్మును చాచి వీరుని ఆపాదమస్తకము పరికించి, మరల లోనికి తీసుకొనెను.

అంతట అతడు గిన్నెలు కడుగు తొట్టిలో తడి తువాలు పరచి, సనత్తాకమగు ఆ బంతిని అందుంచి, బస్సులో ఒడిపై పెట్టుకొని రణరంగము చేరెను. ప్రత్యర్థి నాయకుడు స్టాన్లీ క్రాబ్‌ట్రీ తొట్టిలోనికి తొంగిచూచెను.

"ఏరా హెడ్లీ, బంతికి టోపీ పెట్టావేంటి?"

"మార్జరీ నత్త. దిగట్లేదు."

"లాగి పారెయ్."

"లాగకూడదు."

"నా బంతులు తీసుకో పోనీ."

"నీ బంతులతో ఆడేకంటే ఆ నత్తతోనే ఆడతాను."

"మరి లాగు. ఇక్కడ ఎవరు చూడొచ్చారు?"

"నాలుగింటికి మార్జరీ ఫోన్ చేస్తుంది. నేను అబద్ధమాడితే తనకి ఊపిరి చప్పుడుకే తెలిసిపోతుంది."

గడియారము రెండు కొట్టెను. అప్పుడు తేనీటి బల్లకడ నుండి ఎనిడ్ అను పెద్దామె, శాండ్‌విచ్చు విప్పి అందలి కీరదోస ముక్కను రెండు వ్రేళ్ళతో పట్టి తెచ్చెను. వీరుడు ఆమె చేయి పట్టి ఆపెను.

"ఆగమ్మా, దానికి ఉప్పు తగిలిందా?"

"తగలకపోతే ఎలా తింటారు నాయనా?"

"ఉప్పు తగిలితే చచ్చిపోతుంది. ఇలా ఇవ్వు, కడుగుతాను."

నత్తలన్న గిట్టని ఆ మహానుభావుడు ముక్కను మూడుమార్లు కడిగి, తుడిచి, వెన్న వాసన లేదని మూచూచి, బంతికి నాలుగంగుళముల దూరమున ఉంచి, వానలో మోకరిల్లెను. ఎవరును నవ్వలేదు. ఇరుపక్షముల యోధులు గొడుగులు పట్టి వలయాకారమున నిలిచిరి. రెండు నిమిషములు గడచెను. గుల్ల కదలెను. నాలుగు కొమ్ములు వెలికివచ్చెను. బంతి నల్లని పొట్ట వెంబడి, వెండిజాడ విడుచుచు, తొందర ఏ దేశమందుండునో ఎరుగని ఆ యోధురాలు అవరోహణము సాగించెను. ఎనిమిదవ నిమిషమున మనసు మార్చుకొని సగముదూరము వెనుకకు పోయెను. స్టాన్లీ కండ్లు మూసుకొనెను. పదునాలుగవ నిమిషమున, తోక తుదకంట బంతిని విడిచి, బెసీ ముక్కపై మూతి ఆనించెను.

పిదప ఆట జరిగెను. జిగట పట్టిన ఆ బంతి వీరుని మాట వినక ఎటుపడిన అటుపోయెను. ఇరువదియొకటికి ఆరు. హెడ్లీ చిత్తుగా ఓడెను. నాలుగింటికి ఫోను మ్రోగెను, బెసీ బంతినెక్కిన సంగతి వీరుడు చెప్పెను.

"లాగావా?"

"లేదు."

మార్జరీ ఫోనులో అతని ఊపిరి చప్పుడు ఆలకించెను. లాగలేదని ఆమెకు తెలిసెను.

"మరి ఆట?"

"పోయింది. బెసీ తింటోంది."

"సరే. అయితే బెసీ గాజుతొట్టి మూత తీసిపెట్టిందెవరు హెడ్లీ?"

వీరుడు సిగ్నలు సరిగా లేదనెను. ఇట్లు యార్క్‌షైర్ భూమండలమున, ఓల్డ్‌రాయిడ్ వంశతిలకుడు లాగక, లాగనీయక, పావుగంటకు ఒక నిమిషము తక్కువలో, నాలుగంగుళముల దుర్గమభూమిని ఒక నత్తచే దాటించి దిగంతవిశ్రాంతకీర్తి గాంచెను. వాన మాత్రము ఆగలేదు.